పాట కింద సంతకం

లిఫ్టు మామయ్య నాకు చుట్టరికం వల్ల మామయ్య కాలేదు. మా భవనంలో లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయి, నేను అందులో గంటన్నర ఇరుక్కున్న రోజున అయ్యాడు. ఆ గంటన్నరని నేను చాలామందికి మూడు రోజులని చెప్పాను, ఒకరిద్దరికి వారమని కూడా. ఎన్నాళ్ళయితేనేం, చివరికి తలుపు సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మోచేతి దాకా నల్లటి గ్రీజు. ఆ వెనకాలే ఒక మాట, "అల్లుడూ, భయపడకు, నేనొచ్చేశాగా" అని. అప్పట్నుంచి ఆయన మామయ్య, నేను అల్లుణ్ణి. ఆయనకి కూతుళ్ళు లేరు కాబట్టి ఈ వరస వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆయన పాత లిఫ్టులు బాగుచేస్తాడు. పాతవాటికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి పట్టాలకి గ్రీజు రాస్తూ, బోల్టులు బిగిస్తూ ఉంటాడు. రెండోవాడు భవనం నెత్తిన మోటారు గదిలో కూర్చుని పెట్టెని జానా బెత్తెడూ పైకీ కిందికీ నడిపిస్తాడు. పెట్టె మీదున్నవాడు ఆపమన్నప్పుడు పైనున్నవాడు ఆపకపోతే, చెప్పేదేముంది, ఇద్దరిలో ఒకడు తగ్గుతాడు.

మామయ్యకి మోటారు గదిలో కూర్చునేది అత్తయ్య తమ్ముడు, అంటే ఆయన బావమరిది. ఇరవై ఆరేళ్ళుగా అతనే. వీధంతా అతన్ని పైవాడనే పిలిచేది. "ఈయన ప్రాణం పైవాడి చేతిలో ఉంది" అని అత్తయ్య అంటే అది దేవుడి మాటో తమ్ముడి మాటో ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడకి ఇద్దరూ ఒకటే.

లిఫ్టు తిరిగే నూతిలాంటి సందులో అరిచి లాభం లేదు. పదకొండంతస్తుల నుయ్యి, ఒక్క మాట అంటే పది మాటలై గోడలకి కొట్టుకుని కలగాపులగమైపోతుంది. నేనొకసారి అందులో తుమ్మితే మర్నాడు పొద్దున మళ్ళీ నాకే వినిపించింది. అందుకని మామయ్య మౌతార్గాన్ పట్టాడు. పొడుగ్గా ఒక ఊపిరి ఊదితే పైకి. పొట్టివి రెండు ఊదితే కిందికి. కీచుమని ఒక్కటంటే ఆపు. మాట చెదిరినా స్వరం చెదరదు. మోటారు వేడెక్కి, చల్లారే దాకా ఆగాల్సి వచ్చినప్పుడు ఆయన ఊరికే ఉండలేక ఆ మూడింటినే సాగదీసి, మడతపెట్టి, ఒకదాని కొస ఇంకోదానికి ముడేసి వాయించుకునేవాడు. అలా ఏళ్ళ మీద ఒక పాట తయారైంది. పైకెళ్ళేటప్పుడు ఒక చరణం, కిందికొచ్చేటప్పుడు ఒకటి, మధ్యలో అంతస్తు దగ్గర పెట్టె ఆగినట్టు చిన్న నిశ్శబ్దం. మాటల్లేవు. నేను మహామహుల కచేరీలు విన్నవాణ్ణి, టికెట్టు కొనకుండా ప్రహరీ అవతల నిలబడి. ఆ నిశ్శబ్దం దగ్గర ఊపిరి బిగపట్టినట్టు ఇంకెక్కడా బిగపట్టలేదు.

వాళ్ళ పనిలో ఇంకో అలవాటు ఉంది. గొడవంతా దాన్లోంచే వచ్చింది కనుక చెప్పాలి. ప్రతి మోటారు గదిలో గోడకి ఒక అట్ట వేలాడుతుంది. ఫలానా రోజున లిఫ్టు చూశాం, ఫలానా పని చేశాం అని దాని మీద రాసి సంతకం పెట్టాలి. మామయ్య ముట్టుకుంటే అట్ట నల్లబడిపోతుంది. పైవాడి చేతులు శుభ్రంగా ఉంటాయి. కనుక పని మామయ్యది, సంతకం పైవాడిది. "పానా నాది, పెన్ను వాడిది" అనేవాడు మామయ్య, అన్నదమ్ములు తగువు లేకుండా ఆస్తి పంచుకున్నంత తృప్తిగా. ఊళ్ళో సగం భవనాల లిఫ్టులు ఆయన చేతి మీద నడుస్తున్నాయి, ఒక్క అట్ట మీదా ఆయన పేరు లేదు. ఆ సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదు. నాకూ తట్టలేదు. నాకే తట్టలేదంటే ఇంకెవరికి తడుతుంది.

యాభై ఆరో ఏట మామయ్యకి వెబ్‌సైటు కావాలనిపించింది. ఆ పనికి ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. కాలేజీ వాళ్ళు నాకు నేర్పాల్సింది మూడు నెలల్లో అయిపోయి దిక్కులు చూస్తుంటే, పాపం ఇబ్బంది పెట్టడం ఎందుకని బయటికొచ్చి ఈ విద్య పట్టాను. ఇనప సామాన్ల కొట్టుకి నేను చేసిన పేజీ చూసి, మేకుల పెట్టె కోసం పక్క దేశం నుంచి ఒకాయన వచ్చాడు. అబద్ధమైతే అందులో ఒక మేకు నా కాల్లో దిగనీ.

మామయ్య కోరింది ఎక్కువేం కాదు. పేరు, ఫోను నంబరు, పనిచేస్తున్న ఫొటోలు రెండు, ఆ పాట. పేజీ తెరవగానే పాట మోగాలి.

"పనికి పిలిస్తే పిలుస్తారు, లేకపోతే లేదు. పాట మాత్రం నా పేరు మీద ఒక చోట ఉండాలి అల్లుడూ. ఆ పాత లిఫ్టులన్నీ పీకేస్తున్నారు. నాదంటూ మిగిలేది అదొక్కటే" అన్నాడు.

తెరవగానే మోగే పేజీల్ని ఇప్పటి ఫోన్లు ఒప్పుకోవని నచ్చజెప్పాను. ఒప్పుకునే రోజుల్లో నేను పళ్ళ డాక్టరుకి అలాంటిదే చేసిపెడితే, అది ఒకాయన పరామర్శకి వెళ్ళిన చోట జేబులో మోగింది, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని పలకరించరు. అందుకని పేజీలో ఒక బటన్ పెడదాం, నొక్కితే మోగుతుందన్నాను. మామయ్య కాసేపు ఆలోచించి, లిఫ్టయినా ఎవరో ఒకరు నొక్కితేగా కదిలేది అని సర్దుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పదకొండంతస్తుల భవనంలో రికార్డు చేశాం. నేనూ మామయ్యతో పాటు పెట్టె నెత్తిన ఎక్కాను. నా కాళ్ళు వణికాయని పైవాడు తర్వాత అందరికీ చెప్పాడు గానీ, వణికింది లిఫ్టు. పెట్టెని పై అంతస్తుకి ఆనించి ఆపారు కాబట్టి మోటారు గదిలోంచి అతని మాట స్పష్టంగానే వినిపించింది. "మోటారు కట్టేశాను, బావా నీ పాట మొదలెట్టు" అన్నాడు. అప్పటికే నా ఫోను రికార్డు చేస్తోంది. మామయ్య చొక్కా అంచుతో మౌతార్గాన్ తుడిచి, కళ్ళు మూసుకుని, నాలుగు నిమిషాలు వాయించాడు. అయిపోయాక కూడా గోడలు ఇంకాసేపు వాయించాయి.

తర్వాత ముగ్గురం మోటారు గది మెట్ల మీద కూర్చున్నాం. పాట ఫైలు బరువు ఎక్కువ, మన పేజీ అద్దెకున్న చోట అంత బరువు పట్టదు. అందుకని దాన్ని పాటలు ఉంచే వేరే సైటులో పెట్టి, అక్కణ్ణుంచి మన పేజీలోకి దారి తియ్యాలి. ఆ సైటు కొన్ని ప్రశ్నలడిగింది. ఈ సంగీతం కట్టిందెవరు, హక్కు ఎవరిది, ఫోను నంబరేది, ఆ నంబరుకొచ్చిన అంకెలు కొట్టండి. నేను ఫోను మామయ్య ముందు పెట్టాను. ఆయన తన చేతులు చూసుకుని, ఎప్పుడూ చేసేదే చేశాడు.

"వాడికివ్వు. రాసేది వాడేగా."

పైవాడు ఫోను తీసుకుని చకచకా నింపేశాడు. అతనూ ఎప్పుడూ చేసేదే చేశాడు. ఆ పూట అతని మనసులో ఏ పురుగూ లేదని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. పక్కన కూర్చుని చూడాల్సింది నేను. ఆ సమయానికి నా తుమ్ము కథ మంచి పట్టులో ఉంది.

దిగుతూ మామయ్య ఒక అనుమానం అడిగాడు. ఫోను పోతే పాట పోతుందా అని. "ఏడు చోట్ల దాచాను మామయ్యా, ఊరు మునిగినా పాట తేలుతుంది" అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. గ్రీజు మరక ఆ చొక్కాకి ఇప్పటికీ ఉంది.

పేజీ తయారైంది. మామయ్య పేరు పెద్దక్షరాల్లో, కింద గుండ్రటి బటన్. నొక్కితే పాట. ఇక ఆయన్ని పట్టలేకపోయాం. కాపలావాడికీ, పాలు తెచ్చేవాడికీ, లిఫ్టు ఎక్కబోయేవాళ్ళకీ, దిగబోయేవాళ్ళకీ ఫోను చూపించి నొక్కమనేవాడు. ఇంట్లో ఉప్పు నిండుకుందన్నా ఈయన బటన్ నొక్కమంటున్నారని అత్తయ్య నా దగ్గర మొర పెట్టుకుంది. ఎవరెవరో విని రెండు మంచి మాటలు రాసేవారు. అవన్నీ నేను ఆయనకి చదివి వినిపించేవాణ్ణి, నా తరఫున ఇంకో రెండు కలిపి.

ఐదు నెలల తర్వాత పైవాడికి లిఫ్టులు తయారుచేసే ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. తెలిసినాయన ఒకరు చెప్పిపెట్టారన్నాడు. మామయ్య ఆనందం చూడాలి. ఇన్నేళ్ళు ఆ వేడి గదిలో ఉడికాడు, ఇక చల్లగా కూర్చోనీ అని స్వయంగా తీసుకెళ్ళి బావమరిదికి నల్ల బూట్లు కొనిపెట్టాడు. తను మాత్రం ఆ రోజు నుంచి పెట్టె నెత్తిన ఎక్కడం మానేశాడు. మోటారు గదిలో ఇంకో మనిషిని పెట్టుకోవడానికి మనసొప్పలేదు. తలుపులు, బొత్తాలు, లైట్లు, ఒంటరిగా చెయ్యగలిగిన పనులే ఒప్పుకునేవాడు. రాబడి సగమైంది, దాని గురించి ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు కొత్త భవనంలో లిఫ్టు తలుపు సరిగ్గా మూసుకోవట్లేదని పిలిస్తే, సంచి పట్టుకోవడానికి నన్నూ తోడు రమ్మన్నాడు. ఎక్కాం. తలుపు రెండు మూడుసార్లు గునిసి మూసుకుంది. లిఫ్టు కదలగానే పైన చిల్లుల రేకులోంచి పాట మొదలైంది. మామయ్య పాటే. మౌతార్గాన్ తీసేసి ఏవో కంప్యూటరు వాద్యాలు పెట్టారు, పంచదారలో దొర్లించినట్టుంది. మధ్యలో ఉండాల్సిన నిశ్శబ్దాన్ని కోసి పారేశారు. అయినా ఆయన మొహం వెలిగిపోయింది.

"విన్నావా అల్లుడూ. వాడు నాకు చెప్పకుండా కంపెనీ వాళ్ళకి వినిపించాడన్నమాట. దొంగవెధవ" అని ముద్దుగా తిట్టాడు.

తలుపు పక్కన అంతస్తు అంకె చూపించే చిన్న తెర ఉంది. అంకె కింద సన్నటి అక్షరాలు జరుగుతున్నాయి. ముందు కంపెనీ పేరు. తర్వాత, సంగీతం అని. ఆ తర్వాత పైవాడి పేరు, ఇంటిపేరుతో సహా. మామయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మేం దిగాల్సిన అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఆయన దిగలేదు. కిందికెళ్ళాం. మళ్ళీ పైకొచ్చాం. అలా నాలుగుసార్లు. మధ్యలో ఎక్కినవాళ్ళు మమ్మల్ని చూసి కాస్త దూరం జరిగి నిలబడ్డారు. ఐదోసారి దిగి, సంచి విప్పి, తలుపు బాగుచేశాడు. ఒక్క మర కూడా వదులుగా ఉంచకుండా, మామూలుగానే చేశాడు.  

ఆ వారంలోనే పాటల సైటు నుంచి నాకు మెయిలొచ్చింది. ఈ పాట హక్కుదారు దీన్ని ఫలానా కంపెనీకి ఇచ్చి ఉన్నారు, మీ పేజీలో ఇది వేరే వ్యక్తి పేరు మీద మోగుతోందని కంపెనీ ఫిర్యాదు చేసింది, మీదని రుజువుంటే ఏడు రోజుల్లో పంపండి, లేకపోతే పాట కింద హక్కుదారు పేరు పెట్టండి, లేదా పాట తీసేయండి అని. మామయ్యకి చదివి వినిపించాను. "నా పాట నా పేజీలో మోగడానికి నేను రుజువు చూపించాలా?" అన్నాడు. మళ్ళీ చదవమన్నాడు, మొదటిసారి నేనేదో కల్పించి చదివానేమోనన్నట్టు. నా చరిత్ర తెలిసినవాడు మరి. ఈసారి కల్పించి ఉంటే బాగుండేది.

ఆదివారం రమ్మని కబురుపెడితే పైవాడు వచ్చాడు. మామయ్య కొన్న బూట్లే వేసుకొచ్చాడు. కూర్చోమంటే ఫర్వాలేదంటూ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలో, నేను బల్ల పక్కన. మామయ్య చేతులు ఆ రోజు శుభ్రంగా ఉన్నాయి, సబ్బుతో బాగా తోముకున్నట్టున్నాడు.

"ఆ పాట ఎవరిదిరా?"

"మనదే బావా."

"మనదైతే అక్కడ నీ పేరు ఒక్కటే ఉందేం?"

"ఎక్కడైనా నా పేరేగా ఉండేది. ఇరవై ఆరేళ్ళు ప్రతి అట్ట మీదా నేనే సంతకం పెట్టాను. ఏనాడైనా ఇదేమిట్రా అన్నావా?"

"అట్ట మీద నువ్వు పెట్టింది లిఫ్టు చూశామని. లిఫ్టు మనదని కాదు."

పైవాడు తలుపు వైపు చూశాడు. కంపెనీ వాళ్ళు తనకే రాశారనీ, ఈ పాట మీదేనా అనడిగితే ఔనని నోరు జారిందనీ, సర్దుకుని అసలు సంగతి చెప్పేలోపే కుర్చీ చూపించారనీ నసిగాడు. ఇప్పుడు కాదంటే కుర్చీ పోతుంది, మోసం చేశావని పోలీసుల దాకా వెళ్తారు. ఇవన్నీ చెప్పి, లోపల ఎప్పట్నుంచో నానుతున్న మాట బయటపెట్టాడు.

"నువ్వు ఆపమన్న ప్రతిసారీ ఆపాను బావా. ఒక్కసారి నా చెయ్యి ఏమరితే నువ్వు ఇక్కడ కూర్చుని ఉండేవాడివా? ఇన్నేళ్ళు నీ ప్రాణం కాపాడినవాడికి ఒక్క పాట రాకూడదా?"

"అడిగితే ఇచ్చేవాణ్ణి" అన్నాడు మామయ్య.

"అడుగుతాననే అన్నాడు. నేనే వద్దన్నాను" అంది అత్తయ్య.

ఆయన ఆవిడ వైపు తిరగలేదు. కిటికీ వైపే చూస్తూ, నీకెప్పట్నుంచి తెలుసు అని అడిగాడు.

"మీరు ఆ బూట్లు కొనకముందు నుంచి."

ఆ తర్వాత ఆవిడ ఇంకా చాలా చెప్పింది. వాడికి నడుం నొప్పి, అన్ని మెట్లు ఇంకెన్నాళ్ళు ఎక్కుతాడు, మీకు చెబితే పట్టుదలకి పోతారు, అయినా మాటలైనా లేని పాట, మీరు తలుచుకుంటే ఇంకోటి కట్టలేరా. అన్నీ నిజాలే. కంచే చేను మేస్తున్నప్పుడు కూడా కంచె దగ్గర ఏవో కారణాలు ఉంటాయి కాబోలు.

అప్పుడు మామయ్య నా వైపు తిరిగాడు. ఆ మొహంలో ఇంకా ధైర్యం ఉంది, అదే నన్ను చంపింది.

"అల్లుడూ, ఆ రోజు రికార్డు చేసినప్పుడు మొదట్లో వీడి గొంతు పడింది కదా. బావా నీ పాట మొదలెట్టు అని. సైటులో పెట్టినప్పుడు ఆ ముక్క కోసేశావు గానీ, అసలుది నీ దగ్గర ఏడు చోట్ల ఉందన్నావుగా. ఒక్క చోట నుంచి తియ్యి చాలు. ఇక్కడే వినిపిద్దాం."

ఏడు చోట్లు కాదు. ఒక్కటే చోటు, నా ఫోను. అదీ మూడు నెలల క్రితం చోటు చాలక తుడిచేశాను. స్నేహితుడి మోటారు సైకిలెక్కి నేను తిరిగిన వీడియో ఒకటి పెట్టుకోవడానికి. ఆ మాట చెప్పడానికి నాకు నా జీవితంలో పట్టనంతసేపు పట్టింది. చెప్పాను. పైవాడు ఊపిరి వదలడం గదిలో అందరికీ వినిపించింది. మామయ్య నన్ను తిట్టలేదు. "సరే బాబూ" అన్నాడు.

ఊరుకోలేక, మళ్ళీ వాయించండి, మళ్ళీ రికార్డు చేద్దామన్నాను. ఇప్పుడు వాయిస్తే లిఫ్టులో మోగేది విని కాపీ కొట్టానంటారన్నాడు. అది నిజమే.

ఏడో రోజు మా ఇంటికొచ్చి, నా కుర్చీ వెనక నిలబడి చెప్పాడు. పాట తీసెయ్యి, నా పేజీలో నా పాట కింద ఇంకొకడి పేరు పెట్టను, బటన్ మాత్రం ఉంచు అని. నొక్కితే ఏమీ మోగదు మామయ్యా, చూసినవాళ్ళు పేజీ చేసినవాడికి పని రాదనుకుంటారన్నాను. అనుకోనీ అన్నాడు. నేను తీసేస్తున్నంతసేపూ అక్కడే నిలబడి, బటన్ ఒకసారి తనే నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఆయన పేరు, ఫోను నంబరు, రెండు ఫొటోలు, గుండ్రటి బటన్. పనిచెయ్యట్లేదని వారానికొకరు నాకు ఫోన్ చేస్తారు. పుస్తకాల కొట్టు ఆయన తన పేజీ పని నాకు ఇవ్వబోయి, ఆ బటన్ నొక్కి చూసి, వేరేవాడికిచ్చాడు. మామయ్య అత్తయ్య వడ్డించింది తింటాడు, బాగుందో లేదో చెప్పడు. నేనెదురైతే కుశలం అడుగుతాడు. అల్లుడూ అనడు, బాబూ అంటాడు.

మొన్నామధ్య పైవాడు నాకు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎవరో ఆ పేజీ చూసి, మీ బావగారి పేజీలో ఆ ఉత్తుత్తి బటన్ ఏమిటని అడిగారట. నాలుగు రోజులుగా అదే మాట, చిన్నతనంగా ఉంది, నువ్వే చేశావు కదా, చడీచప్పుడు లేకుండా తీసెయ్యమన్నాడు. ఇంకొకప్పుడైతే తీసేశాననే చెప్పేవాణ్ణి, తియ్యకపోయినా. ఈసారి వెళ్ళి మామయ్యకే చెప్పాను. మా భవనం కింది అంతస్తులో స్టూలు మీద నిలబడి లిఫ్టు బొత్తాల రేకు బిగిస్తున్నాడు. నోట్లో నాలుగు మరలు పెట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్కటీ తీసి అరచేతిలో పెట్టుకుని, అన్నీ అయ్యాక అన్నాడు.

"వచ్చి నన్ను అడగమను. అడిగితే తీసేద్దాం."

ఆ మాట పైవాడికి ఉన్నదున్నట్టు అందించాను. అతని ఇల్లు ఇక్కడికి రెండు వీధుల అవతల. చెప్పి ముప్ఫై నాలుగు రోజులైంది. ఇందులో నేను పెంచింది ఒక్క రోజు కూడా లేదు.